పాట చివర ఉకారం

నవంబరు ఒకటి ఛత్తీస్‌గఢ్ పుట్టినరోజు. ఆంధ్రదీ అదే రోజు. రాయపూర్‌లోని తెలుగువాళ్లం ఏళ్ల తరబడి ఆ రోజున ఒక హాల్లో చేరి, మన పాట మనం పాడుకుని, పులిహోర తిని ఇళ్లకు పోయేవాళ్లం. ఇక్కడి ప్రభుత్వం ఒక పాటను రాష్ట్ర గీతంగా ప్రకటించిన తరువాత, శంకర్ నగర్‌లో మా కాలనీ కమిటీ ఉత్సవాన్ని ఆ పాటతోనే మొదలుపెట్టాలనుకుంది. పాడతామని మా ఆడవాళ్లు చెయ్యెత్తారు.

కమిటీ అధ్యక్షురాలు నవ్వేసింది. "అరే, ఆప్ లోగ్ ఇడ్లీ కా స్టాల్ లగా లీజియే నా! గానా హమ్ గా లేంగే."

ఇడ్లీలు మీరు అమ్ముకోండి, పాట మేం పాడుకుంటాం అని దాని అర్థం. మా బృందానికి పెద్ద, రిటైరైన రైల్వే గార్డు గారి భార్య, ఊరుకోలేదు. ముందు విని చెప్పమంది. అధ్యక్షురాలు విన్నది. మొదటి చరణం పూర్తి కాకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"హర్ శబ్ద్ కే పీఛే పూంఛ్ క్యోం లగాతే హో?"

ప్రతి మాట వెనకా తోక ఎందుకు తగిలిస్తారని. ఆవిడ అన్నది నిజమే. మన నోట హల్లు నిలవదు. బస్ 'బస్సు' అవుతుంది, రైల్ 'రైలు' అవుతుంది, రాయపూర్ 'రాయపూరు' అవుతుంది. ఆ పాటలో ఇంద్రావతి పేరు వచ్చినప్పుడు మాకు ఏ ఇబ్బందీ లేదు, అది ఎలాగూ మన గోదావరిలో కలిసేదే. హల్లుతో ముగిసే పాదాల దగ్గరే చిక్కు. పండుగ ముందు రోజు ఇంకోసారి వింటాననీ, తోక అలాగే ఉంటే స్టాలే గతనీ చెప్పి వెళ్లింది.

నేను ఆ బృందంలో పాడేదాన్ని కాదు. కుర్చీలో నిటారుగా కూర్చుని వినేదాన్ని. విజయనగరం వైపు మా తాతగారికి దివాణం ఉండేది. మా వాగుల మీద, తోటల మీద కట్టిన పాటను గాయకులు నిలబడి పాడితే మావాళ్లు కూర్చుని వినేవారు. దివాణం పోయింది, నాన్నగారు రైల్వేలో గుమాస్తాగా ఇక్కడికి వచ్చారు. ఆ క్వార్టర్లో కూడా నాయనమ్మ ఒక్క మాట సడలించలేదు. "మన మీద పాటలు కడతారమ్మా. మనం పాడం." నా భర్త ఇక్కడి ఉర్లా పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తున్న రోజుల్లోనూ నేను జోలపాట తప్ప మరొకటి పాడలేదు.

కానీ తోక అన్న మాట నన్ను కూర్చోనివ్వలేదు. భూములు పోయినప్పుడు మాతో వచ్చింది ఈ భాష ఒక్కటే. నాయనమ్మ ఎక్కాలతోపాటు సంధులూ వల్లె వేయించింది. రాముడు, అతడు. రాముడతడు. పక్కన అచ్చు వచ్చి నిలబడితే ఉకారం తనంతట తానే తప్పుకుంటుంది.

మరునాడు సాధనలో చెప్పాను. "పాదం అయిపోయే చోట ఎవరైనా 'ఆ' అని రాగం అందుకోండి. ఉకారం అందులో కలిసిపోతుంది."

"ఎవరో ఎందుకు, అమ్మాయిగారూ?" అంది గార్డు గారి భార్య. మా తాలూకా మనిషి, నన్నింకా అలాగే పిలుస్తుంది. "మీరే అనండి."

"మా ఇంట్లో పాడరు."

"పాడమన్నానేటి? 'ఆ' అనమన్నాను. పన్ను నొప్పొస్తే అనరేటి?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాను. వాళ్లు పాదం ముగించేసరికి 'ఆ' అందుకున్నాను. గొంతు మొదట బొంగురుగా వచ్చింది, తరువాత తెరుచుకుంది. ఉకారం ఎక్కడా వినిపించలేదు.

పండుగ ముందు రోజు అధ్యక్షురాలు చివరిదాకా విని నుదురు చిట్లించింది. "రాజ్‌గీత్ మే కుఛ్ జోడ్‌నా మనా హై."

రాష్ట్ర గీతానికి ఏమీ చేర్చకూడదట. నేను హిందీలోనే జవాబిచ్చాను. "మేం ఒక్క అక్షరం చేర్చలేదండీ. హార్మోనియం మోగే ఖాళీలో నా గొంతు మోగింది, అంతే. మా నోరు చేర్చిన అక్షరం కాస్తా పోయింది."

ఆవిడ కార్యక్రమాల కాగితం తీసి, మొదటి వరసలో మా బృందం పేరు రాసుకుంది. మర్నాడు ఉత్సవం మాతోనే మొదలైంది. కాలనీ మొత్తం లేచి నిలబడింది. రెండో చరణానికి ముందు వరసలోని ఛత్తీస్‌గఢీ ముసలమ్మలు నాతోపాటు 'ఆ' అందుకున్నారు. మా వాగుల పాటకు ఇంత మంది లేచి ఉండరు. పాట అయ్యాక ఎంతసేపటికీ చప్పట్లు ఆగలేదు.

అధ్యక్షురాలు వేదిక దగ్గరకు వచ్చి, వచ్చే ఏడూ మీరే మొదలుపెట్టాలంది.

"జరూర్," అంది గార్డు గారి భార్య. "ఇడ్లీ ఆప్ బనాఇయేగా."

ఇడ్లీలు మీరు వండండి అనేసరికి అధ్యక్షురాలు కూడా పకపకా నవ్వింది.

నేను మెట్లు దిగుతుంటే ముసలమ్మల్లో ఒకామె నా చెయ్యి పట్టుకుని, ఏ ఊరు బిడ్డా అని అడిగింది. ఆ ప్రశ్నకు నేను ఎప్పుడూ తాతగారి ఊరి పేరే చెప్పేదాన్ని. ఆ రోజు మెడ నిలిపి, చివరి అక్షరం ఏ మాత్రం మింగకుండా, "రాయపూరు" అన్నాను.