మోకాలు ముట్టుకునే ఆటగాడు

నా భర్తకు చూపు పోయాక ఆరేళ్ల పాటు ఆయన ఫుట్‌బాల్ నా కళ్లతో చూశాడు. ఆ ఆరేళ్లలో ఆయనకు నేను ఒక అబద్ధం చెప్పాను. ఒకటే, కానీ ఒక సీజన్ అంతా దాన్నే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆయన పోయిన నెలకు అది మా ఇంట్లో, టీవీలో కనిపించింది. ఎందుకు కనిపించిందో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇచ్చోడలో, ఆసిఫాబాద్‌లో, చివరికి కరీంనగర్‌లో పని చేశాడు. మా పెళ్లికి ముందు ఆదిలాబాద్‌లో ఒక జట్టుకు గోల్‌కీపర్. ఆ జట్టువాళ్లు ఒకరినొకరు పేర్లతో పిలుచుకోలేదు, ఆడే చోటుతోనే పిలుచుకునేవాళ్లు. అరవై దాటాక కూడా ఆయన వాళ్లకు కీపరే. మా వీధి మలుపులో మోటార్ వైండింగ్ దుకాణం నడిపే ఆయన స్నేహితుడు లెఫ్ట్‌బ్యాక్. నన్ను భాబీ అంటాడు. నేను కూడా ఆయన్ని లెఫ్ట్‌బ్యాక్ అనే అంటాను.

నేను గ్రంథాలయంలో పని చేసి రిటైరయ్యాను. ఆయన ఆడగా ఎన్నడూ చూడలేదు. ఆట మీద నాకు ఆసక్తి కూడా లేదు. షుగర్ వల్ల ఆయన చూపు పూర్తిగా పోయిన ఏడాది, సీజన్ మొదటి మ్యాచ్‌కు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పద్ధతి చెప్పాడు.

"బంతి సంగతి టీవీల చెప్తరు. అది నేను చెవుల్తోని ఇంట. నువ్వు బంతిని చూడకు. నేను చెప్పినోన్ని ఒక్కన్నే చూడు. వాడు నిలబడ్డా చూడు, కూసున్నా చూడు."

"బంతి లేకుంటె వాడు ఏం జేస్తడు?"

"గదే నాకు గావాలె."

ఆయన కుర్చీ వీపు టీవీ వైపు ఉండేది. నా మాట ఎదురుగా వినబడాలని అట్లా వేయించుకున్నాడు. టీవీ చూసినంతసేపూ నాకు ఆయన ముఖం కూడా కనబడేది. మొదట ఇబ్బందిగా ఉండేది, తర్వాత అలవాటైంది.

ఏటా సీజన్ మొదలయ్యే ముందు, మేం టీవీలో చూసే మన జట్టులో చూడవలసిన ఆటగాళ్లు ఐదుగురిని ఆయన చెప్పేవాడు. పేపర్లలో వచ్చిన వార్తలు నేను చదివి వినిపించేదాన్ని. ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరు వెళ్లిపోయారు, ఎవరి కాలికి దెబ్బ తగిలింది. అంతకుముందు ఏడాది నేను చెప్పినవన్నీ ఆయనకు గుర్తుండేవి. ఆ ఐదుగురి మీద ఆయన చెప్పిన మాటలు నోటుబుక్కులో రాసి, పాత జట్టువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. పదిహేను మంది దాని కోసం ఎదురుచూసేవాళ్లు. చూపున్న వాళ్లందరూ చూపు లేని మనిషి చెప్పింది వెతుక్కుంటూ మ్యాచ్ చూసేవాళ్లు.

ఐదో ఏడాది మొదటి మ్యాచ్ రోజు నా ఒళ్లో పుస్తకం ఉంది. ఇంకో ఇరవై పేజీలుంటే అయిపోతుంది. ఆయన నాకు ఎడమ వైపు ఆడే ఒకణ్ణి అప్పజెప్పాడు. నేను పుస్తకం చదివాను. విరామంలో ఆయన అడిగాడు.

"ఏం జేసిండు?"

తలెత్తాను. ఎదురుగా ఆయన కూర్చుని ఉన్నాడు. టీవీలో ప్రకటనలు వస్తున్నాయి.

"బంతి వచ్చే ముంగట వంగి ఎడమ మోకాలు ముట్టుకుంటుండు," అన్నాను.

"ఏ చేత్తోని?"

"కుడి చేత్తోని."

"ప్రతిసారా?"

"ప్రతిసారి. బంతి వస్తె ఆపుతలేడు. పక్కకెంచి పోనిస్తుండు. పోయినంక తిరుగుతుండు."

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. దొరికిపోయాననుకున్నాను.

"మళ్లా చెప్పు," అన్నాడు.

మళ్లీ చెప్పాను. ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కూ ముందు వాణ్ణే అడిగేవాడు. నేను పుస్తకం పక్కన పెట్టి నిజంగానే వాణ్ణి చూశాను. వాడు ఒక్కసారి కూడా మోకాలు ముట్టుకోలేదు. కానీ ముట్టుకున్నాడని చెప్పాను. ముట్టుకోవడం మానేశాడని చెప్పవచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. ముట్టుకున్నాడని చెప్పినప్పుడల్లా ఆయన ముఖం ఎట్లా వెలిగేదో చూసినదాన్ని, చెప్పలేకపోయాను. ఆయన ఆ సంగతి గ్రూపులో పెట్టించాడు. వారం తిరక్కుండా లెఫ్ట్‌బ్యాక్ వచ్చి, "చూసిన భాబీ. కీపర్ చెప్పినట్టే మోకాలు పట్టుకుంటుండు," అన్నాడు. ఇంకో ఇద్దరు తామూ చూశామని రాశారు.

సీజన్ అయ్యాక ఆ ఆటగాడు వేరే జట్టుకు వెళ్లిపోయాడు. నాకు బరువు దిగినట్టయింది. పోయిన ఏడాది ఎవరూ వాడి ఊసెత్తలేదు.

ఈసారి జాబితా ఆస్పత్రి మంచం మీద చెప్పాడు. గొంతు తగ్గింది కానీ మాట తడబడలేదు.

"మొదటోడు కీపర్. కొత్తోడు. కార్నర్ వచ్చినప్పుడు గీత ఇడిశి ముంగటికి రాడు. గోల్ తింటె గాడనే తింటడు. రెండు, నడుమ నిలబడే పెద్ద మనిషి. ఉరుకుడు లేదు వానికి. వాని చెయ్యి చూడమను. చెయ్యి కిందికుంటె మనం బాగున్నట్టు. మూడు, ఎనిమిదో నంబరోడు. పాస్ ఇచ్చే ముంగట రెండుసార్లు ఎనుకకు చూస్తడు. మూడోసారి చూసిండంటె అలిసిండన్నట్టు. నాలుగు, ముంగటోడు. పరుగు ఆలస్యంగ తీస్తడని తిడ్తరు. ఆలస్యం గాదది. చెప్పు వాళ్లకు."

"ఐదు?"

"మోకాలోడు."

పెన్ను ఆపాను. "వాడు జట్టుల లేడు. పోయి ఏడాది దాటింది."

"ఎర్కే. రాయి. రెండో సగంల వస్తడు, ఎడమ దిక్కు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. నర్సు వచ్చి సెలైన్ మార్చింది. ఆయన నిద్రపోయాడు. మూడు రోజులకు పోయాడు.

మొదటి మ్యాచ్ సరిగ్గా నెల మాసికం నాడు పడింది. రెండు రోజుల ముందు లెఫ్ట్‌బ్యాక్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"భాబీ, అడగొద్దు గని, గ్రూపుల అందరు అడుగుతుండ్రు. కీపర్ ఏమన్న చెప్పిండా?"

"నలుగురిని చెప్పిండు."

"నలుగురా? ఎన్నడన్న నలుగురున్నరా? జర బుక్కు చూడు భాబీ."

నోటుబుక్కు బల్ల మీదే ఉంది. లెఫ్ట్‌బ్యాక్‌కు కనబడుతూనే ఉంది. చూస్తానని పంపించాను.

ఐదోవాణ్ణి పెడితే, ఆయన ఆఖరి మాటల్లో నా అబద్ధం ఉంటుంది. లేనివాడి కోసం పదిహేను మంది చూస్తారు. దొరకడు. చివరి రోజుల్లో కీపర్‌కు మతి తప్పిందని అనుకుంటారు. పెట్టకపోతే, ఆయన రాయమన్నది నేను కొట్టేసినట్టు. ఈ రెండింటికంటే నన్ను ఎక్కువ తొలిచింది వేరే ఉంది. ఆయన నన్ను నమ్మి పోయాడా, లేక తెలిసే పోయాడా అన్నది. నమ్మి పోతే ఒక గుడ్డివాణ్ణి మోసం చేసినదాన్ని నేను. దీనికి జవాబు చెప్పగల మనిషి ఒక్కడే, ఆయన లేడు.

చివరికి ఐదుగురినీ పెట్టాను. ఆయన చెప్పింది చెప్పినట్టు.

మాసికానికి ఆసిఫాబాద్ నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. ఆయనకు చెల్లెలు. మధ్యాహ్నం భోజనాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక ఆమె ఉండిపోయింది. మ్యాచ్ సాయంత్రం ఐదింటికి. లెఫ్ట్‌బ్యాక్ వచ్చి చెప్పులు విడిచేసరికి ఆమెకు అర్థమైంది.

"నెల మాసికం నాడు టీవీ పెడ్తవా వదినా? నలుగురింటె ఏమంటరు?"

"నలుగురు గాదమ్మా, పదిహేను మంది," అన్నాడు లెఫ్ట్‌బ్యాక్. "అందరు వాళ్ల వాళ్ల ఇండ్లల్ల టీవీల ముంగటనే కూసున్నరు."

"నీకు ముసలితనం వచ్చింది గని బుద్ధి రాలే."

"బుద్ధి వచ్చెటిదుంటె కీపర్‌తోని ఆడకపోదును."

ఆమె కొంచెం నవ్వి, చాటలో బియ్యం పోసుకుని మా పక్కనే కూర్చుంది. కుర్చీ అట్లాగే ఉంది, వీపు టీవీ వైపు, ముఖం నా వైపు. నెలరోజులుగా ఎవరూ దాన్ని తిప్పలేదు. ఎవరూ అందులో కూర్చోలేదు కూడా. లెఫ్ట్‌బ్యాక్ నేల మీద కూర్చున్నాడు.

మ్యాచ్ జరిగే ఊళ్లో వాన పడుతోంది. మైదానం తడిగా, దీపాల కింద నల్లగా కనిపించింది. నేను బంతిని చూడలేదు. ఆయన చెప్పినవాళ్లనే ఒక్కొక్కరినీ చూశాను. పెద్ద మనిషి చెయ్యి కిందికే ఉంది. ఎనిమిదో నంబరువాడు రెండుసార్లు వెనక్కి చూసి పాస్ ఇచ్చాడు. విరామానికి కొంచెం ముందు కార్నర్ వచ్చింది, కీపర్ గీత వదల్లేదు, గోల్ తిన్నాడు. లెఫ్ట్‌బ్యాక్ తల ఊపాడు. రెండో సగం మొదట్లో ముందుండేవాడు అందరికంటే ఆలస్యంగా పరుగు తీసి గోల్ కొట్టాడు.

నాలుగూ సరిపోయాయి.

ఆ తర్వాత ఎడమ వైపు ఆడేవాడు కుంటుతూ బయటికి వెళ్లాడు. వాడి చోట కొత్తవాడు వచ్చాడు. ఆ వారమే జట్టులో చేరాడని టీవీలో చెప్పారు. కాళ్లు పొడుగు, తల దించుకుని నడుస్తున్నాడు. ముఖం సరిగా కనబడలేదు. బంతి అవతలి వైపు ఉంది. వాడు తెల్ల గీత పక్కన ఒక్కడే నిలబడ్డాడు. వంగాడు. కుడి చేత్తో ఎడమ మోకాలు ముట్టుకున్నాడు. అటునుంచి బంతి వచ్చింది. వాడు ఆపలేదు. పక్కనుంచి పోనిచ్చాడు. అది పోయాక తిరిగాడు.

గదిలో వాన శబ్దం ఒక్కటే. ఆ వాన మా ఊళ్లోది కాదు, టీవీలోది.

"అన్న గిట్లనే చేస్తుండె," అంది మా ఆడబిడ్డ, చాటలోంచి చేయి తీయకుండా. జాబితా సంగతి ఆమెకు తెలియదు.

"ఏంది?"

"గదే వదినా. వంగి మోకాలు పట్టుకునుడు. ఆదిలాబాద్‌ల ఆడంగ చూడలేదా నువ్వు? నా చిన్నప్పుడు బాపు తీస్కపోయేటోడు."

నేను లెఫ్ట్‌బ్యాక్ వైపు చూశాను. ఆయన టీవీ వైపే చూస్తున్నాడు.

"ఇచ్చోడల ఒక మ్యాచ్ ఆడంగ మోకాలికి దెబ్బ తాకింది భాబీ," అన్నాడు మెల్లగా. "గప్పటిసంది ప్రతి కిక్కు ముంగట ముట్టుకునేటోడు. మేము నవ్వుదుము. పక్కకు పోయే బంతిని ముట్టేటోడు గాదు. పోనిచ్చి, అప్పుడు తిరిగేటోడు. గోల్‌కు పోయే బంతేదో వాసనతోనే తెలుస్తదట ఆయనకు."

"మరి నేను చెప్పిన్నాడు మీరు చూసిన అన్నరు గద."

"చూడలే." ఆయన గడ్డం గోక్కున్నాడు. "కీపర్‌కు ఎర్కైంది నాకు కనబడలే అంటె ఇజ్జత్ ఏం గావాలె? గని తర్వాత కీపర్‌నే అడిగిన. అరే భాయ్, భాబీ చెప్పేటిది నీ ఆటనే గదరా అన్న. నవ్విండు. ఆమెకు ఎర్కలేదు, చెప్పనియ్యి అన్నడు. నీకు చెప్పొద్దని ఒట్టు వెట్టించుకున్నడు."

నాకు జవాబు దొరికింది. ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. నేను చెప్పేది అబద్ధమనీ, అందులో ఉన్నది తననేననీ తెలిసే మళ్లీ చెప్పమన్నాడు. మోకాలి సంగతి నాకు ఎట్లా తట్టిందో ఊహించగలను. కుర్చీలోంచి లేచే ముందు ఆయన ఎప్పుడూ ఎడమ మోకాలి మీద చేయి పెట్టేవాడు. ఎదురుగా ఉన్నదే నోటికి వచ్చి ఉంటుంది. కానీ బంతిని పోనిచ్చి తిరగడం నాకెట్లా తెలిసింది? ఆయన ఆడగా నేను చూడలేదు. ఆయన ఎన్నడూ చెప్పలేదు.

మ్యాచ్ అయ్యేదాకా కొత్తవాడు అట్లా ఇంకో రెండుసార్లు చేశాడు. మూడోసారి మా ఆడబిడ్డ చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. వెళ్తున్నప్పుడు లెఫ్ట్‌బ్యాక్ గుమ్మంలో ఆగాడు. కుర్చీ వైపు చూడలేదు.

"ఈసారి నిజంగనే చూసిన భాబీ. ఒట్టు."

గ్రూపులో కొందరు చూశామన్నారు. కొందరు చూడలేదన్నారు. చూశామన్నవాళ్లను నమ్మే పరిస్థితి లేదు నాకు. మర్నాడు ఫోన్‌లో మ్యాచ్ ముఖ్యాంశాలు పెట్టుకుని చూశాను. వాటిలో గోల్సు ఉన్నాయి. బంతి ఉన్నచోటే ఉంది అంతా. గీత పక్కన ఒక్కడే నిలబడ్డవాణ్ణి ఎవరూ చూపించలేదు.

ఆ రోజు కుర్చీకి ఎదురుగా కూర్చుని చెప్పాను. ఆనాడు నేను చూడలేదని, పుస్తకం చదువుకుంటున్నానని. పైకే చెప్పాను. మా ఆడబిడ్డ వంటింట్లోంచి విని ఉంటుంది.

వారం తర్వాత రెండో మ్యాచ్. ఆడబిడ్డ వెళ్లిపోయింది, లెఫ్ట్‌బ్యాక్ రాలేదు, దుకాణంలో పని ఉందని కబురు పంపాడు. ఒక్కదాన్నే చూశాను. కొత్తవాడు మొదటి నుంచీ ఆడాడు. నేను వాణ్ణి తప్ప ఎవరినీ చూడలేదు. వాడు నిలబడ్డా చూశాను, కూర్చున్నా చూశాను. బంతి వచ్చినప్పుడు మామూలుగా కాలితో ఆపాడు. ఒక్కసారి కూడా వంగలేదు.

"ముట్టుకోలే," అన్నాను ఆయన కుర్చీతో.

కాసేపు ఆగి మళ్లీ చెప్పాను, ఆయన ఎప్పుడూ రెండోసారి అడిగేవాడు కాబట్టి.