దిగుడుపట్నంలో మూతపడిన జంక్షన్

కలకత్తాలో భూమి కింద రైలు నడుస్తోందని 1984లో పేపర్లో వచ్చినప్పుడు, రాయపూర్‌లో మా రైల్వే కాలనీ ఆడవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. "దేశంలో ఇదే మొదటిదట" అని మా ఆయన కొండలరావు చదివి వినిపిస్తే నాకు ఒళ్ళు మండింది. మొదటిది మా దాలమ్మక్క వేసింది. అప్పటికి పాతికేళ్ళుగా నడుస్తోంది కూడా. కాకపోతే ఆ రైలు దిగుడుపట్నంలో నడుస్తుంది, ఆ దిగుడుపట్నమేమో దాలమ్మక్క నోట్లో ఉంటుంది.

దాలమ్మక్కది టెక్కలి దగ్గర పల్లె. భర్త పేరు పరదేశి, ధంతరి వెళ్ళే చిన్న లైను మీద పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆ లైను మీద బండి ఎంత నిదానమంటే, అభన్‌పూర్ సంతకు వెళ్ళేవాళ్ళు దారిలో దిగి చింతకాయలు కోసుకుని మళ్ళీ అదే పెట్టెలో ఎక్కేవాళ్ళు. 1958లో కాపురానికి వచ్చిన కొత్తలోనే దాలమ్మక్క గోల్‌బజారులో తప్పిపోయింది. హిందీ ఒక్క ముక్క రాదు. ఛత్తీస్‌గఢీ అనే భాష ఒకటుందనే తెలియదు. ఎవరిని ఏమని అడగాలో తోచక పగలంతా తిరిగి, చివరికి రైలు కూత వినబడిన వైపు నడిచి ఇల్లు చేరింది. మర్నాడు నల్లా దగ్గర బిందె పెట్టి, లైన్లో ఉన్న ఆడవాళ్ళతో అందట: "ఈ ఊరి కింద రైలుంటే ఎంత బాగున్ను! నల్లాకాడ మెట్లు దిగితే గోలుబజార్లో తేల్తాం. ఎవుడినీ దారడగక్కర్నేదు."

నవ్వారు. కానీ నీళ్ళు రావడానికి ఇంకా టైముంది కదా, ఆ రైలు సంగతి ఇంకాస్త చెప్పమన్నారు. ఆవిడ చెప్పింది. ఆ రోజు మొదలు నల్లా దగ్గర రోజూ ఆ కబురే.

దిగుడుపట్నమంటే మెట్లు దిగి చేరుకునే పట్నం. అక్కడ స్టేషన్ల పేర్లు తెలుగులో రాసి ఉంటాయి. దాలమ్మక్కకు తెలుగైనా చదవడం రాదు, అది వేరే సంగతి. మొదట పడింది ఆవకాయ లైను, ఎర్ర పెట్టెలు, బజారు వైపు వెళుతుంది. పరదేశికి నౌకరీ పర్మనెంటయిన ఏడాది గోంగూర లైను తెరిచారు. అది పుట్టిళ్ళ వైపు. సినిమా హాలుకు మూడో లైను తవ్వుతుంటే బండరాయి అడ్డొచ్చి ఆగిపోయింది. ఆ బండరాయి పరదేశేనని అందరికీ తెలుసు. డ్రైవర్లంతా ఆడవాళ్ళే, మగాళ్ళకు సామాను మోసే పని. డెబ్భై నాలుగులో రైల్వే సమ్మె వస్తే ఈ రైళ్ళూ ఆగిపోయాయి. ఇవెందుకు ఆగాలని నేనడిగితే, "పైన మా ఇంటాయన సమ్మెలో ఉంటే కింద నాను బండి తోల్తానా? సిగ్గునేదేటి నీకు?" అని కసిరింది.

కాలనీలో ఒక్కో ఆడదాని పేరా ఒక్కో స్టేషను వెలిసింది. ఎవరు ఎదురైనా ఆగి కబుర్లాడే సూరమ్మకు సూరమ్మ హాల్టు. నాకు మాత్రం హాల్టు కూడా దక్కలేదు, సుభద్ర గేటు అని పెట్టింది. భూమి కింద లెవెల్ క్రాసింగ్ గేటు ఎందుకని దెబ్బలాడాను. "నీ నోటికి గేటుండాలి కాబట్టి" అంది. ఇది జరిగి ఇన్నేళ్ళయినా నాకింకా కోపమే.

అన్నిటికన్నా పెద్దది నాంచారమ్మ జంక్షన్. నాంచారమ్మక్కది గుడివాడ. ఆవిడ భర్త అమ్మిరాజుగారు వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళ క్వార్టరూ దాలమ్మక్క క్వార్టరూ గోడకు గోడ. ఇద్దరిదీ ఒకే కంచం ఒకే మంచం అన్నంత స్నేహం. కాలనీలో ఏ కబురైనా నాంచారమ్మక్కను తాకకుండా దాటదు కాబట్టి లైన్లన్నీ ఆవిడ దగ్గరే కలుస్తాయి. హిందీ గడగడా మాట్లాడేది, ఎవరినైనా ఇట్టే అనుకరించేది. ఆ అనుకరణే కొంప ముంచింది.

ఎనభై రెండు ఎండాకాలంలో ఇద్దరూ బట్టల కొట్టుకు వెళ్ళారు. ఫ్యాను గాలంతా సేటుకే తగులుతోంది. దాలమ్మక్కకు చెమటలు కారిపోతున్నాయి. ఆపాటికి వచ్చిన హిందీలో ధైర్యం చేసి, "భయ్యా, థోడా గాలీ దో" అంది. మనకు గాలంటే గాలి. వాళ్ళకు గాలీ అంటే తిట్టు. తనను కాస్త తిట్టమని బతిమాలుతున్న ఈ అమ్మను చూసి సేటు కొయ్యబారిపోయాడు. నాంచారమ్మక్క నవ్వలేక నేలమీద కూలబడింది.

అక్కడితో ఆపితే పోయేది. సాయంత్రం నల్లా దగ్గర ఆ ముచ్చటంతా ఆడి చూపించింది. తర్వాత కిరాణా కొట్లో, ఆ తర్వాత భజనలో. నాలుగు రోజుల్లో కూరలమ్మేవాడు కూడా దాలమ్మక్కను చూసి "భాజీ దూఁ, యా గాలీ దూఁ?" అన్నాడు. కూరలివ్వనా, తిట్టివ్వనా అని! నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి?

మర్నాడు దాలమ్మక్క బిందె కింద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా ప్రకటించింది: "నాంచారమ్మ జంక్షన్ మూసీసినాం. బళ్ళు ఆగవు."

మొదట ఇదీ నవ్వులాటే అనుకున్నాం. కానీ లైన్లు కలిసేది అక్కడే కదా! ఆవకాయ లైను వాళ్ళు గోంగూర లైను మొహం చూడలేకపోయారు. ఆ రోజు కథలో పుట్టింటికి బయల్దేరిన సూరమ్మ దారిలోనే ఇరుక్కుపోయి, "నన్ను ఇల్లైనా చేర్చవే తల్లీ" అని నిజంగానే బతిమాలింది. నాంచారమ్మక్క కూడా తక్కువ తినలేదు. రెండు భాషల్లో అంత నోరున్న మనిషికి 'తప్పయింది' అన్న ఒక్క మాటకు నోరు తిరగలేదు. గోడకు గోడ ఆనుకుని ఉంటూ మూడేళ్ళు మాటల్లేవు. అంతకన్నా పెద్ద నష్టం, దాలమ్మక్క హిందీ మానేసింది. బజారుకు వెళితే వేలితో చూపించి కొనుక్కొచ్చేది. అంత వాగుడుకాయ కొట్లో మూగదానిలా నిలబడేది.

ఎనభై అయిదు వానాకాలంలో నాంచారమ్మక్కకు కడుపులో గడ్డ అన్నారు. వెంటనే తీయకపోతే మనిషి దక్కదన్నారు. పెద్దాసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ రోజు అమ్మిరాజుగారు రక్తం కోసం పరుగెత్తారు, నేను తోడున్నాను. స్ట్రెచర్ బండి మీద పడుకోబెట్టగానే ఆవిడ పక్క మంచం ఊచ పట్టుకుని వదల్లేదు.

"నేను వెళ్ళనే సుభద్రా. ఇంటికి తీసుకుపో."

"భయమెందుకక్కా? మీకు హిందీ వచ్చుగా, ఏం కావాలన్నా అడగొచ్చు."

"హిందీ వచ్చే. భయం మాత్రం తెలుగులోనే వేస్తోంది."

నేను ఆవిడ వేళ్ళు ఊచ నుంచి విడిపించబోయాను. వార్డుబోయ్ విసుక్కుంటున్నాడు. అప్పుడే దాలమ్మక్క గుమ్మంలో కనిపించింది. దగ్గు మందు కోసం వచ్చానంది. ఆవిడకు దగ్గు లేదు. స్ట్రెచర్ చక్రాల వంకా, ఊచ పట్టుకున్న చేతి వంకా చూసింది.

"ఊచ ఒగ్గీ, నాంచారీ" అంది. మూడేళ్ళ తర్వాత మొదటి మాట. "ఇది దిగుడుపట్నం బండి. నాను తోల్తాను."

నాంచారమ్మక్క వేళ్ళు వదులయ్యాయి. వరండా పొడుగునా దాలమ్మక్క స్ట్రెచర్ పట్టుకుని నడుస్తూ స్టేషన్లు పిలిచింది. "సూరమ్మ హాల్టు... దిగీవోళ్ళు దిగండి... సుభద్ర గేటు... గేటేసుంది, బండెల్తాది." దీని తర్వాత వచ్చేది ఏదో ముగ్గురికీ తెలుసు.

"ఆగుతుందా?" అంది నాంచారమ్మక్క, కళ్ళు మూసుకునే.

దాలమ్మక్క నోరు విప్పేలోగా ఆపరేషన్ గది తలుపు వచ్చేసింది. నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. దాలమ్మక్క ఒక్క క్షణం తటపటాయించి, హిందీలో అందుకుంది: "ఏ మేరా బహన్ హై. బహుత్ డర్తా హై. హమ్ భీ అందర్ జాతా హై."

ఇది నా చెల్లెలు, బాగా భయపడుతోంది, నేనూ లోపలికి వస్తానని. కానీ హిందీలో ఆడవాళ్ళు భయపడే తీరు వేరు, వెళ్ళే తీరు వేరు: డర్తీ, జాతీ అనాలి. దాలమ్మక్క చెల్లెలినీ తననూ కూడా మగాళ్ళను చేసేసింది. నర్సు పకాలున నవ్వి, "జాతా హై!" అంటూ వార్డుబోయ్‌కి చెప్పింది. దాలమ్మక్క మొహం వాడిపోయింది. ఇక మళ్ళీ నోరు విప్పదనుకున్నాను.

నాంచారమ్మక్క మోచేతి మీద లేచింది. "హసో మత్!" అంటూ నవ్వొద్దని గద్దించింది. దాలమ్మ చెప్పింది అర్థమైందా లేదా, అర్థమైతే నవ్వేందుకేముందని హిందీలోనే నర్సును దులిపేసింది. నర్సు నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత నాంచారమ్మక్క వెనక్కి వాలి, దాలమ్మక్క చెయ్యి పట్టుకుంది.

"ఆ నవ్వు నాదే, దాలమ్మా. ఊరందరికీ నేనే నేర్పాను. తప్పయింది."

దాలమ్మక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, వరండా అంతా వినబడేలా కేకేసింది: "నాంచారమ్మ జంక్షన్! బండి ఇక్కడ ఆగుతాది. నువ్వొచ్చీదాకా కదల్దు."

లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. దాలమ్మక్క ఆ తలుపు పక్కనే నేలమీద చతికిలబడింది. వార్డుబోయ్ లేవమన్నాడు, నేను టీకి రమ్మన్నాను, రక్తంతో వచ్చిన అమ్మిరాజుగారు బెంచీ మీద కూర్చోమన్నారు. సాయంత్రం నాంచారమ్మక్కను బయటికి తెచ్చేదాకా ఆవిడ అక్కడినుంచి కదల్లేదు.