శంషాబాద్‌లో తెల్లబంతిని మింగిన బల్ల

పొద్దున్న ఎనిమిదింటికి నర్సింగ్ ఫోను చేశాడు. ట్రాలీ ఆటో నడుపుతాడు. పాత సామాను ఎక్కడ కనబడినా ముందు నాకు చెప్పి, ఆ తర్వాతే తుక్కుకొట్టుకు చెబుతాడు. "అన్నా, శంషాబాద్‌ల ఖాదర్ భాయ్ హోటల్ ఎనుక నీ పిచ్చి బల్ల ఒకటున్నది. రూపాయి బిళ్ల ఏస్తె బంతులు పడేది. ఇయ్యాల మేస్త్రి పలగ్గొడ్తడంట. లోపలి బండ తీసి వంటింట్ల గట్టుకు ఏస్తరంట. జల్ది రా!"

పదో తరగతి పుస్తకాలకంటే ఎక్కువసేపు నేను చూసింది అలాంటి బల్లనే. నాణెం వేసి ఆడే పాత పూల్ బల్లల్ని వెతికి బాగుచేయడం ఇప్పుడు నాకు వ్యసనం. నా భార్య దానికి వేరే పేరు పెట్టింది, ఇక్కడ రాయడానికి వీల్లేదు. నల్ల పలకరాయి ఉన్న అసలు బల్లలు ఇప్పుడు దొరకడం లేదు. అమ్మేవన్నీ చెక్కపొడి అట్ట మీద గుడ్డ కప్పినవే. ఒక్క వానాకాలానికి పూరీలా ఉబ్బుతాయి.

బడంగ్‌పేట్ నుంచి మామిడిపల్లి మీదుగా పోతే శంషాబాద్ ముప్పావుగంట. ట్రాలీకి పోనురాను ఎనిమిది వందల కిరాయి. బల్ల దొరకకపోయినా అంతే, బేరమాడకండి, నేను ఆడి ఓడిపోయాను. దారిలో నర్సింగ్ ఒక్కటే అడిగాడు: "ఖాదర్ భాయ్ నిన్ను లోపలికి రానిస్తడా?"

ఆ అనుమానంలో న్యాయం ఉంది. విమానంలో పెట్టే బిర్యానీ రుచి చూడడానికి పెద్ద సార్లు వస్తున్నారని పోయినేడు ఆయనకు ఉత్తుత్తి ఫోను చేసింది నేనే. పాపం, ఇస్త్రీ షేర్వాణీ వేసుకుని మధ్యాహ్నం దాకా గుమ్మంలో నిలబడ్డాడు. బిర్యానీ మాత్రం ఆ రోజు అదిరింది. తిన్నది నేనే కదా.

మేం చేరేసరికి పెరట్లో మేస్త్రీ పలుగు పక్కన పెట్టుకుని చాయ్ తాగుతున్నాడు. ఖాదర్ భాయ్ నన్ను చూడగానే చేతులు జోడించాడు.

"ఆగయా! ఇయ్యాల ఏం డ్రామా భాయ్?"

"దీన్ని పలగ్గొట్టకు భాయ్. ఇది నడుస్తది."

"ఇద్దరికి అమ్మిన, ఇద్దరు వాపస్ తెచ్చిన్రు. తెల్లబంతి లోపలికి పోతె మల్ల బయటికి రాదు, మింగుతది. నువ్వు నడుస్తది అంటె నేను నమ్మాల్నా? పొయ్యి షేర్వాణీ ఏసుకొని రావాల్నా? మేస్త్రి చాయ్ అయ్యేదాక చూసుకో. తర్వాత పలుగే మాట్లాడ్తది."

బల్ల కిందికి దూరాను. అడుగున వేళ్లతో కొట్టాను. చెక్కయితే డబడబమంటుంది; ఇది చప్పుడు చేయలేదు, నా వేళ్లే నొచ్చాయి. తడిమితే చల్లగా ఉంది. అసలు రాయి! నాణెం పెట్టి తోసే ఇనుప నాలుక తుప్పు పట్టినా వంకరపోలేదు. బంతులు దొర్లే కాలువలో ఒకచోట సందు ఉంది. తెల్లబంతిని అయస్కాంతంతో వేరుచేసే రకం కాదు. వెంటనే బయటికొచ్చి తెల్లబంతినీ ఎర్రబంతినీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే సైజు!

దొంగ దొరికాడు. ఇలాంటి పాత బల్లల్లో కర్రతో కొట్టే తెల్లబంతి మిగతావాటికంటే పిసరంత పెద్దది. రంగుబంతులు ఆ సందులోంచి కింది అరలో పడిపోతాయి. తెల్లది పట్టక, పైనుంచే దొర్లి బల్ల పక్కనున్న చిన్న కిటికీలోకి వస్తుంది. ఎవడో మహానుభావుడు పాతది పోగొట్టి, అన్నీ ఒకే కొలతవి కొనితెచ్చాడు. బల్ల మింగక ఏం చేస్తుంది?

"అయిపోవచ్చింది," అన్నాడు మేస్త్రీ, గ్లాసు వంచి చూపిస్తూ.

పెద్ద బంతి అప్పటికప్పుడు ఎక్కడ తెచ్చేది? వంటింటి గుమ్మంలో హోటల్ వంటమనిషి యాదమ్మ కూరగాయలు తరుగుతోంది.

"అక్కా, ఒక ఆలుగడ్డను గుండ్రంగ చెక్కియ్యవా? గీ బంతికంటె పెసరగింజంత పెద్దగ."

"పెసరగింజంతనా, శనగగింజంతనా? ముందుగాలనే చెప్పు, మల్ల నన్ను అనొద్దు," అంటూనే బంతిని చేతిలో తిప్పి చూసి, చకచకా చెక్కి ఇచ్చింది. "కూరల ఏసేదాంతోని ఆటలు! వయసొచ్చింది గాని బుద్ధి రాలె."

"చూసినవా మేస్త్రీ?" ఖాదర్ భాయ్ నెత్తి కొట్టుకున్నాడు. "పోయినేడు బిర్యానీ, ఇయ్యాల ఆలుగడ్డ!"

ముందు ఎర్రబంతిని బల్ల మూలనున్న పాకెట్లో వేశాను. గుడగుడ దొర్లి లోపలి అరలో పడింది. ఆ తర్వాత ఆలుగడ్డ వేశాను. సరిగ్గా అప్పుడే విమానం ఒకటి నెత్తి మీదుగా దిగింది. దొర్లుతోందో ఇరుక్కుందో వినబడదు. ఖాదర్ భాయ్, మేస్త్రీ, నర్సింగ్, కత్తి పట్టుకుని యాదమ్మ, అందరం కిటికీ ముందు వంగాం. చప్పుడు తగ్గేసరికి ఆలుగడ్డ పెళ్లికొడుకులా కిటికీలో కూర్చుని ఉంది!

ఖాదర్ భాయ్ దాన్ని తీసి తనే ఇంకో పాకెట్లో వేశాడు. వచ్చింది. మేస్త్రీ లాక్కుని వేశాడు. మళ్లీ వచ్చింది. "మేస్త్రీ, గట్టుకు తాండూరు బండ తేపో," అన్నాడు ఖాదర్ భాయ్. నర్సింగ్ ఉత్సాహంగా తాడు తీస్తే ఖాదర్ భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "తాడెందుకు? ఇది అమ్మేది లేదు. భాయ్, ఈడ్నే బాగజెయ్."

ఖాళీ ట్రాలీతో తిరిగొచ్చాను, ఊరేగింపులో వచ్చినట్టు. ఆ తర్వాత రెండు వారాలు పోయి వస్తూ నాణెం నాలుకను కిరసనాయిల్లో నానబెట్టాను, గట్టిపడిన అంచు రబ్బరు మార్చాను, కొత్త గుడ్డ బిగించాను. పెద్ద తెల్లబంతి కోఠీలో దొరికింది. రాయి మట్టం చూసింది మాత్రం మేస్త్రీయే. తన రసమట్టం పెట్టి, నాలుగు కాళ్ల కింద రాతి పెంకులు దోపి, బుడగ నడిమికి వచ్చేదాకా నన్ను బల్ల ముట్టనివ్వలేదు. మొదటి ఆట కూడా ఆయనే గెలిచాడు. ఇప్పుడు విమానానికి తొందరగా వచ్చినవాళ్లు అక్కడ తిని, ఓ ఆట ఆడి పోతున్నారు.

ఇన్నేళ్లలో నా మాట మీద ఎవరి పలుగూ ఆగలేదు. ఆ రోజూ ఆగింది ఆలుగడ్డ మాట మీదే అని నర్సింగ్ ఊరంతా చెబుతున్నాడు. చెప్పనివ్వండి. బల్ల నా ఇంటికి రాలేదని బాధ కూడా లేదు. బంతులు దడదడా కిందికి పడే ఆ చప్పుడు మళ్లీ విన్నాను, అది చాలు.

మీరూ ఇలాంటి బల్ల చూడడానికి పోతుంటే జేబులో చిన్న స్కేలు పెట్టుకోండి. తెల్లబంతినీ రంగుబంతినీ చదునైన చోట ఆనించి పెట్టి, వాటి మీద స్కేలు ఉంచండి. రంగుబంతి వైపు వాలితే బంతి అసలుదే, మామూలుగా బేరమాడండి. వాలలేదా, మొహం మాడ్చుకుని ఇంకా గట్టిగా బేరమాడండి. జబ్బు బల్లది కాదు, బంతిదని అమ్మేవాడికి తెలియదు.