పరీక్ష బిళ్ళ

బస్సు డిపోలో కుర్ర డ్రైవర్లందరికీ ఆయన గురువుగారు. సీటు దులిపి, అద్దం తుడిచి, చొక్కా పైగుండీ విప్పుకుంటే గాని బండి కదిలించడు. పాతికేళ్ల వయసులోనే రక్తపోటు బయటపడింది. నొప్పి లేదు, నీరసం లేదు. అందుకని ఏటా జరిగే వైద్యపరీక్ష ముందు మాత్రమే నాలుగు రోజులు మాత్ర మింగి గట్టెక్కేవాడు. దానికి ‘పరీక్ష బిళ్ళ’ అని పేరుపెట్టి, ఆ కిటుకు కొత్తగా చేరినవాళ్లందరికీ నేర్పాడు. ఇప్పుడు బస్సు మెట్లెక్కితేనే ఆయాసం. స్కానింగ్ చూసిన డాక్టరమ్మ, “గుండె గోడలు మందమై గట్టిపడ్డాయండీ” అంది.

“గట్టిగుండె మంచిదేగా అమ్మా?” అని నవ్వబోయాడు.

“కాదు. ఇన్నేళ్లూ ఆ ఒత్తిడికి ఎదురీది బిగుసుకుపోయింది. ఇప్పుడు మందులు వాడినా పూర్తిగా మామూలవదు. ఇక బస్సు నడపకండి.”

ఇంటికి రాగానే, అదే డిపోలో డ్రైవరుగా ఉన్న కొడుకును పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“నీకూ ఉందిగదరా ఆ పోటు. ఇవాళ్టి నుంచి బిళ్ళ రోజూ వేసుకో.”

“రోజూనా? బాగానే ఉన్నాగా! పరీక్ష మొన్ననే అయిపోయింది నాన్నా” అంటూ కొడుకు బూట్లు తొడుక్కున్నాడు. “మిగిలిన బిళ్ళలు కొత్తగా చేరినవాడికి ఇచ్చేశా. వాడికి వచ్చేవారం పరీక్ష. గురువుగారికి దణ్ణాలు చెప్పమన్నాడు.”