వెలిగారం పెట్టిన నాలుగు చీరలు

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన నా కొడుకు పని బట్టలు నిన్న ఉతికి దండెం మీద ఆరేశాను. మెడ నుంచి కాళ్ల దాకా ఒకటే నీలం తొడుగు. వాడిది నిప్పు దగ్గర పని. తడిమి చూస్తే అచ్చంగా మన నూలు బట్టే. "మందు వెట్టిన బట్ట అవ్వా, మంటంటుకోదు. శానసార్లు ఉతికినా మందు పోదు" అన్నాడు చాయ్ తాగుతూ. ఉతికినా పోదా అని రెండుసార్లు అడిగాను. వాడికి నవ్వొచ్చింది. నాకు మా చిన్నబాపు గుర్తొచ్చాడు.

చిన్నబాపు అంటే మా బాపు తమ్ముడు, నన్ను కన్న అవ్వకు మరిది. పెళ్లి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉండి నూలుకు రంగులద్దే షెడ్డుకు పోయేవాడు. షెడ్డులో ఆ పూట ఏ రంగు నడుస్తోందో ఆయన చేతులు చూసి చెప్పొచ్చు. ఒకసారి పొయ్యి ఊదుతుంటే మా అవ్వ కొంగుకు నిప్పంటుకుంది. చిన్నబాపు బిందెడు నీళ్లు గుమ్మరించి ఆర్పాడు. అవ్వ ఆ పూటకే మర్చిపోయింది, ఆయన మాత్రం మర్చిపోలేదు. ఎవరినో అడిగి తెలుసుకుని, వెలిగారం, బోరిక్ పొడి వేడినీళ్లలో కరిగించి, అవ్వ చీరలు నాలుగు అందులో ముంచి నీడన ఆరేశాడు. పాత పీలికొకటి కూడా ముంచి ఆరబెట్టి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. పీలిక నల్లబడింది, పుల్ల తీయగానే మంట చచ్చిపోయింది. వచ్చినవాళ్లందరికీ ఇదే చూపించి ఒక్కరోజులో రెండు అగ్గిపెట్టెలు ఖాళీ చేశాడు. పక్కింటి పెద్దమ్మ తన గడ్డివాముకు ఈ మందు పట్టదా అని అడిగింది.

"నీళ్లల్ల పెడితే మందు పోతది వదినె. ఉతికినప్పుడల్లా నాకియ్యి, మళ్ల ముంచుత" అన్నాడు చిన్నబాపు అవ్వతో. చిక్కంతా అక్కడే వచ్చింది. స్నానం చేసి ఉతికిన చీర కట్టుకోనిదే అవ్వ పొయ్యి ముట్టదు. రోజూ ఆమె ఉతకడం, రోజూ ఆయన ముంచడం. పదిహేను రోజులు ముంచాడు. పొద్దంతా రంగునీళ్లలో నాని పగిలిన చేతులను సాయంత్రం మళ్లీ తొట్టిలో పెడుతుంటే అవ్వ చూడలేకపోయింది. "ఇగ నేనే ముంచుకుంట తమ్మీ, నువ్వు ఫికర్ వెట్టకు" అంది. మందు చీరలు నాలుగూ మడిచి పెట్టె అడుగున దాచి, పాత చీరలకు చిక్కగా గంజి పెట్టి కట్టడం మొదలుపెట్టింది. గంజి చీరైనా మందు చీరైనా చూడ్డానికి ఒకే తీరు బిరుసు. అరుగు మీద బీడీలు చుడుతున్న నేను అంతా చూశాను. "చిన్నబాపుకు చెప్పకు బిడ్డా. గా చేతులు సూసినవా?" అంది. నేను చెప్పలేదు.

ఒక పొద్దున చిన్నబాపు వాకిట్లో పళ్లు తోముకుంటుండగా అవ్వ కొంగు మళ్లీ అంటుకుంది. నేను లేచేలోపే ఆయన పొయ్యి దగ్గరున్నాడు. నీళ్ల బిందె పక్కనే ఉంది, ముట్టలేదు. "భయపడకు వదినె, అదే ఆరుతది" అన్నాడు. తన మందును అంతగా నమ్మాడు. అది గంజి చీర అని అరవాల్సింది పోయి, లేచి అటు పరుగెత్తాను. ఆయన బిందె ఎత్తేసరికి మంట భుజం దాటింది. కరీంనగర్ దవాఖానలో అవ్వ నాలుగు రోజులే బతికింది. మాట వచ్చినప్పుడల్లా నాతో ఒకటే అంది, "చెప్పకు."

మందు పాళ్లు తప్పాయని చిన్నబాపు బతికినంత కాలం అనుకున్నాడు. పీలికలు ముంచి ఆరబెట్టి అగ్గిపుల్ల గీసేవాడు. ప్రతిసారీ మంట ఆరిపోయేది. "మరి గా దినం ఎందుకు ఆరలే బిడ్డా?" అని నన్నే అడిగేవాడు. చెబితే మందులో తప్పు లేదని తెలుస్తుంది. తన చేతుల మీద జాలితోనే వదినె పోయిందనీ తెలుస్తుంది. ఏది నమ్మితే ఆ మనిషి బతకగలడో నాకు అర్థం కాలేదు. తల దించుకుని బీడీలు చుట్టుకునేదాన్ని. అలా అడుగుతూ అడుగుతూనే ఆయనా పోయాడు.

ఆ నాలుగు చీరలు ఇంకా నా పెట్టెలోనే ఉన్నాయి. ఇంతవరకు నీళ్లలో పెట్టలేదు. ఇప్పుడు నేను అప్పటి చిన్నబాపు కంటే చాలా పెద్దదాన్ని, అయినా ఆయనకు జవాబు చెప్పే వయసు నాకింకా రాలేదు.