తట్టిన ఇసుక

తార్నాక నుంచి సైకిల్ మీద యూనివర్సిటీకి వెళ్ళే రోజులవి. కోతపడిన సముద్రతీరంలో కొత్త ఇసుక పోస్తే ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది నా పరిశోధన. ల్యాబులో పొడవాటి నీళ్ళ తొట్టిలో నేను అలలు పుట్టించేవాణ్ణి. అల కోసిన చోటల్లా మా అటెండరు ఇసుక పోసి, అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. ఆయన సముద్రం చూసినవాడు కాదు. అలా తడితే ఇసుక వాలు చెడుతుందని ఎన్నిసార్లు కసిరినా ఆ అలవాటు పోలేదు.

ఆ వానాకాలం ఇసుక తరిగిపోసాగింది. ఓ సాయంత్రం ఇంటికి వెళ్తున్న ఆయన సంచిలో ఇసుక చూసి నిలదీశాను.

"నేనే తీస్కపోతున్న సార్," అన్నాడు తల దించుకుని. "అడిక్‌మెట్ దిక్కు నా బిడ్డను పూడ్చిపెట్టిన. మూడేండ్ల పిల్ల. వానకు గుంత మీది మట్టి కొట్కపోతున్నది. గందుకే గీ ఇసుక పోస్తున్న."

"అది మాత్రం నిలుస్తుందా?" నోరు జారాను.

"నిలవది సార్. కానీ గా ఇసుక కొట్కపోయేదాంక వాన నా బిడ్డ జోలికి రాదు గద."

నా థీసిస్ మొత్తం ఆ మాటే.

బయట మబ్బు పట్టింది. సంచి నిండా ఇసుక నేనే పోశాను. ఆయన దాన్ని భుజానికెత్తుకుని, నిద్రపుచ్చుతున్నట్టు రెండుసార్లు తట్టాడు.