కీచుమంటే కీచుమననీ

మా చిన్న కోడలు శిల్ప కమలాపురంలో ఎరువుల అంగడి నడుపుతుంది. యూరియా బస్తాల మధ్య కూర్చునే మనిషికి స్పోర్ట్స్ కారు ఎందుకని మీరడిగితే, మీకెందుకని నేనడుగుతాను. సొంత సంపాదనతో కొనుక్కుంది. పాతదే, రెండు తలుపుల బండి. వీలు చిక్కినప్పుడు చెన్నై దగ్గరి రేసు ట్రాక్‌కు తీసుకుపోయి, ఎదురు బండ్లు లేని దారిలో తనివితీరా తోలుకుని వస్తుంది. పందెమూ లేదు, బహుమతీ లేదు. తోలడమే ఆమెకు కావలసింది.

నేను ఆమె అత్తను, నాగలక్ష్మమ్మను. పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. నోరు కొంచెం ఎక్కువ.

పోయినసారి ట్రాక్ మీద బ్రేకు దిగిపోయింది. మలుపు ముందర తొక్కితే పెడలు మెత్తగా కిందికి పోయి నేలకు తగిలింది. బండి దారి తప్పి, పక్కన పోసిన కంకరలోకి దూసుకుపోయి ఆగింది. శిల్పకు దెబ్బ తగల్లేదు గానీ మా పెద్దకొడుకు భూపేష్‌కు మాట దొరికింది. వాడు కాంట్రాక్టులు చేస్తాడు. నలుగురిలో తిరిగేవాడు, ఆ నలుగురూ ఏమనుకుంటారోనన్న దిగులుతోనే బతికేవాడు. అప్పటికే బండి కొనేవాణ్ణి మాట్లాడి పెట్టాడు.

"అమ్మేద్దాం శిల్పా. సంసారం చేసుకునేదానివి, నీకేంటికి ఇదంతా?" అన్నాడు.

"ఇంకొక్కసారి పోయొస్తా బావా. బ్రేకులు బాగుచేసుకుంటా. మళ్లీ దిగిపోతే నువ్వు చెప్పినట్టే అమ్మేస్తా" అంది శిల్ప.

మా ఇంట్లో మాటంటే మాటే. ఆ పూట నుంచి బండి ఉండేదీ పోయేదీ బ్రేకుల మీదే పడింది.

భూపేష్ ఊరుకుంటాడా? మరునాడే ఫోన్‌లో బొమ్మ చూపించాడు. ఎర్రరంగు పెద్ద క్యాలిపర్లు, అంటే చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు పక్కలా పట్టి బిగించే దవడలు, చక్రం సందుల్లోంచి నిగనిగలాడుతున్నాయి. "వేయిస్తే ఇవి వేయించు. చూసినోళ్లకు తెలియాల, రేసు బండి అని."

"చూసేటోళ్లు బ్రేకు తొక్కరు గదా బావా. నా క్యాలిపర్లకు ఏ రోగమూ రాలేదు. మరిగింది ఆయిలు, కాలింది ప్యాడ్లు. అవి మారుస్తా. ఇంత పెద్దవి పెడితే చక్రాలు గూడా మార్చాల, బరువు పెరుగుతాది."

నాకు అర్థమైనంత చెబుతాను. వేగంలో మాటిమాటికీ తొక్కితే ఆ వేడికి బ్రేక్ ఆయిల్ ఎసరులా మరుగుతుంది. బుడగలు లేస్తాయి. మన కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు. దానికి కావలసింది వేడి తట్టుకునే ఆయిలు, డిస్కును ఒరుసుకునే గట్టి ప్యాడ్లు, ఒత్తిడికి ఉబ్బని పైపులు. ఎర్రరంగు కాదు. పైన పటారం లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

శిల్ప సామాను బెంగళూరు నుంచి తెప్పించుకుంది. పైపుల్లోని పాత ఆయిలూ గాలీ వెళ్లగొట్టాలంటే ఇద్దరు కావాలట. ఒకరు పెడలు తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర మర తిప్పాలి. ఆమె మొగుడు, మా అరుణ్ కుమార్, సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీకి పోయాడు. శిల్ప వాకిట్లో బండల మీద పడుకుని చక్రం వెనక చెయ్యి పెట్టింది. నేను కుచ్చిళ్లు ఎగదోపుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

"తొక్కు అత్తా. పట్టుకో. వదులు."

మొదట్లో పెడలు పాదం కింద మెత్తమెత్తగా దిగిపోయేది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి గడప మీద కాలు పెట్టినట్టు గట్టిపడింది. "ఈ గట్టితనం గుర్తుపెట్టుకో అత్తా. ట్రాక్ మీద చివరిదాకా ఇట్లే ఉండాల" అంది. గుర్తుపెట్టుకున్నాను.

అసలు తంటా ఆ తర్వాత వచ్చింది. ఆ ప్యాడ్లు వేడెక్కితేనే సరిగా పట్టే రకం. చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాయి. శిల్ప ఊళ్లో మెల్లగానే తోలేది, అయినా బజారంతా వినబడేది. "ఏమ్మా, చక్రానికి మేకపిల్లను కట్టినావా?" అన్నాడు టీ అంగడి దగ్గర ఒకాయన. అందరూ నవ్వారు.

భూపేష్ ఒంటికాలి మీద లేచాడు. "మానం పోతాంది అమ్మా. మనింటి కోడలు వస్తాందని ఊరంతటికీ తెలుస్తాంది. తీసేయమను."

"తెలియనీ. దొంగతనంగా వస్తాందా? కీచుమంటే కీచుమననీ" అన్నాను. తాను బుల్లెట్టుకు సైలెన్సరు పీకేసి ఊరేగిన రోజుల్లో వీడికి మానం గుర్తురాలేదు మరి.

శిల్ప మాత్రం ఆనాటి నుంచి టీ అంగడి ఇంకా దూరముండగానే వేగం తగ్గించుకుని, బ్రేకు తాకకుండా జారిపోయేది. తప్పు చేసినదాని మాదిరి అట్లా తప్పించుకుపోవడం నాకు నచ్చేది కాదు.

ట్రాక్‌కు నేనూ పోయాను. భూపేష్ కూడా వచ్చాడు, కొనేవాడితో ఫోన్‌లో మాట్లాడుతూనే. పోయినసారి కంకరలో పడిన మలుపు మా ఎదురుగానే ఉంది. బండి దాని మీదికి వచ్చిన ప్రతిసారీ నా కాలు తెలియకుండానే నేలను తొక్కింది. ప్రతిసారీ మలుపు ముందర ముక్కు వంచి, వేగం విరిగి, తిరిగి దూసుకుపోయింది. చుట్టు మీద చుట్టు తోలి, చివరికి కాలిన వాసనతో మా ముందుకొచ్చి ఆగింది.

"ఇప్పుడు చూడాల పెడలు. దిగిపోయుంటాది" అన్నాడు భూపేష్.

శిల్ప హెల్మెట్ తీసి కిందికి దిగింది. "నా మాట నమ్మవులే బావా. అత్తను తొక్కమను."

కూర్చుని తొక్కాను. గడపే. మా వాకిట్లో నా పాదానికి తెలిసిన అదే గడప. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "రా నాయనా, నువ్వూ తొక్కు" అన్నాను. వాడు తొక్కాడు. మళ్లీ తొక్కాడు. కిందికి దిగి, కొనేవాడికి ఫోన్ చేసి, "అమ్మేది లేదప్పా" అని పెట్టేశాడు.

శిల్ప పక్కన కూర్చుని నేను తిరిగి కమలాపురం చేరేసరికి మరునాడు పొద్దునైంది. టీ అంగడి నిండుగా ఉంది. ప్యాడ్లు చల్లబడి ఉన్నాయి. శిల్ప అలవాటు కొద్దీ దూరం నుంచే వేగం తగ్గించబోయింది.

"తగ్గించొద్దు. అంగడి ముందరికి పోయి తొక్కు" అన్నాను.

"కీచుమంటాది అత్తా."

"అందుకే తొక్కమనేది."